డెస్క్‌టాప్‌కి సరిపోయే ర్యామ్ ఎంచుకోవడం ఎలా?

"నా సిస్టమ్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, ఇంకో 8 వేద్దామనుకుంటున్నాను. ఏది కొనమంటారు?" తరచూ వచ్చే ప్రశ్న ఇదే. ఏదో ఒక బ్రాండు పేరు చెప్పి పంపేయడం తేలికే. కానీ ఇంత మాత్రం సమాచారంతో ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. మొత్తం ఎన్ని జీబీలు కావాలో మీ ఇష్టం. ఏ రకం ర్యామ్, ఒక్కో స్టిక్ ఎంత పెద్దది, ఎంత స్పీడు అన్నవి మాత్రం మీ మదర్‌బోర్డు, ప్రాసెసర్ కలిసి ఎప్పుడో నిర్ణయించేశాయి. వాటిని అడిగి తెలుసుకున్నాకే కొనాలి. అడగడం ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- స్టార్ స్క్రూడ్రైవర్ (చాలా క్యాబినెట్‌లకి చేతితో తిప్పే స్క్రూలే ఉంటాయి)
- లేబుల్ ఫొటో తీయడానికి ఫోను
- సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్
- మదర్‌బోర్డు మాన్యువల్. కాగితం పోయినా పర్వాలేదు, తయారీ కంపెనీ సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది.
- టెస్ట్ చేయడానికి ఒక ఖాళీ పెన్‌డ్రైవ్

1. అసలు ర్యామే సమస్యా?

మీరు రోజూ వాడే ప్రోగ్రామ్‌లన్నీ తెరిచి, సిస్టమ్ నెమ్మదించే సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీ మీద క్లిక్ చేయండి. వాడకం తరచూ 85, 90 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచితే తేడా కచ్చితంగా తెలుస్తుంది. మెమరీ సగం ఖాళీగా ఉండి డిస్క్ మాత్రం 100 శాతంలో కొట్టుకుంటుంటే మీకు కావాల్సింది ఎస్ఎస్‌డీ. ఆ పరిస్థితిలో 32 జీబీ వేసినా సిస్టమ్ అలాగే ఉంటుంది.

ఇంకో చిన్న చెక్: సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌కి వెళ్లి విండోస్ 64-బిట్ అవునో కాదో చూడండి. మామూలు 32-బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. అదైతే ముందు విండోస్ మార్చుకోవాలి.

2. ఇప్పుడు లోపల ఏముందో చూడండి

అదే మెమరీ పేజీ కింద మూడు విషయాలు కనిపిస్తాయి. స్పీడ్, స్లాట్స్ యూజ్డ్, ఫార్మ్ ఫ్యాక్టర్. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర డిమ్ అని ఉంటే మామూలు పొడవాటి డెస్క్‌టాప్ ర్యామ్. సో-డిమ్ అని ఉంటే ల్యాప్‌టాప్ సైజు. డెస్క్‌టాప్‌లో ల్యాప్‌టాప్ ర్యామ్ ఎందుకుంటుందని కొట్టిపారేయకండి. మినీ పీసీల్లో, ఆల్-ఇన్-వన్ సిస్టమ్‌లలో ఎక్కువగా ఉండేది అదే.

స్లాట్స్ యూజ్డ్ అంకెను మాత్రం పూర్తిగా నమ్మకండి. బోర్డు మీద రెండే స్లాట్‌లుంటే నాలుగని చూపించే సిస్టమ్‌లున్నాయి. క్యాబినెట్ తెరిచి కళ్లతో చూసిందే లెక్క.

తర్వాత సీపీయూ-జెడ్ తెరవండి. మెమరీ ట్యాబ్‌లో టైప్ దగ్గర మీ ర్యామ్ ఏ తరానిదో, అంటే డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5లలో ఏదో తెలుస్తుంది. ఎస్‌పీడీ ట్యాబ్‌లో ఒక్కో స్లాట్ ఎంచుకుంటూ వెళ్తే స్టిక్ సైజు, తయారీదారు, పార్ట్ నంబరు కనిపిస్తాయి. ఆ పార్ట్ నంబరు రాసిపెట్టుకోండి. ఇందులో డీర్యామ్ ఫ్రీక్వెన్సీ 1600 అని చూసి మన ర్యామ్ సగం స్పీడులోనే నడుస్తోందని చాలామంది టెన్షన్ పడతారు. అక్కడ చూపేది క్లాక్ మాత్రమే. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి దాన్ని రెండుతో గుణించాలి. 1600 అంటే 3200 ర్యామ్, సరిగ్గానే నడుస్తోంది.

3. బోర్డు ఏమి ఒప్పుకుంటుందో తెలుసుకోండి

స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్న వరుసలో మదర్‌బోర్డు మోడల్ ఉంటుంది. కంపెనీ సిస్టమ్ (కంపెనీయే మొత్తం తయారుచేసి అమ్మినది) అయితే క్యాబినెట్ మీద ఉన్న మోడల్ పేరుతో వెతకడమే మేలు. స్పెసిఫికేషన్ పేజీలో మూడే చూడాలి: ఏ డీడీఆర్, మొత్తం గరిష్ఠం ఎంత, ఒక్కో స్లాట్‌కి గరిష్ఠం ఎంత.

ఎక్కువమంది దెబ్బతినేది ఈ మూడోదాని దగ్గరే. ఉదాహరణకి ఇంటెల్ హెచ్81 చిప్‌సెట్ బోర్డులకి రెండు స్లాట్‌లు, మొత్తం 16 జీబీ పరిమితి. అంటే ఒక్కో స్లాట్‌కి 8. మొత్తం 16 వరకు ఓకే కదా అని ఒకే 16 జీబీ స్టిక్ తెచ్చి పెడితే పని చేయదు.

ప్రాసెసర్ చూసి డీడీఆర్ రకాన్ని ఊహించడం కూడా ప్రమాదమే. ఏఎమ్‌డీలో అయితే సులువు. ఏఎమ్4 సాకెట్ రైజెన్‌లకి డీడీఆర్4, ఏఎమ్5కి డీడీఆర్5. ఇంటెల్ 12, 13, 14 తరాల కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లు డీడీఆర్4, డీడీఆర్5 రెండిటినీ నడపగలవు, కానీ మామూలుగా ఒక బోర్డు మీద వాటిలో ఒకదానికే స్లాట్‌లుంటాయి. 6వ తరంలో కొన్ని బోర్డులు డీడీఆర్4తో, కొన్ని డీడీఆర్3ఎల్‌తో వచ్చాయి. కాబట్టి "నాది ఐ5 12వ తరం" అని షాపులో చెప్తే సరిపోదు, బోర్డు మోడల్ కూడా చెప్పాలి.

ఒక డీడీఆర్ స్లాట్‌లో ఇంకో డీడీఆర్ పట్టదు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4, డీడీఆర్5లకి 288. చివరి రెండిటికీ పిన్నుల సంఖ్య ఒకటే అయినా కింది అంచులో ఉండే గంటు వేర్వేరు చోట్ల ఉంటుంది. వోల్టేజీ కూడా వేరు: డీడీఆర్3కి 1.5, డీడీఆర్3ఎల్‌కి 1.35, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 వోల్టులు. స్లాట్‌లోకి దిగకపోతే బలవంతం చేయకండి. దిగకపోవడమే బోర్డు మీకు చెప్తున్న జవాబు.

4. ఎన్ని స్టిక్‌లు, ఎంత సైజు?

మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లు రెండు దారుల్లో మెమరీతో మాట్లాడతాయి. దీన్నే డ్యూయల్ ఛానెల్ అంటారు. అందుకే 16 జీబీ కావాలంటే ఒకే 16 కన్నా రెండు 8లు మేలు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న సిస్టమ్‌లో ఈ తేడా ఆటల్లో బాగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది కూడా ఈ ర్యామ్‌నే.

ఉన్న 8కి తోడు 16 పెట్టకూడదా? పెట్టవచ్చు. 8+16 పెడితే చాలా బోర్డుల్లో మొదటి 16 జీబీ డ్యూయల్ ఛానెల్‌లో, మిగతా 8 సింగిల్ ఛానెల్‌లో నడుస్తాయి. మెమరీ చాలక సిస్టమ్ హ్యాంగ్ అవుతున్నవాళ్లకి ఆ 24 జీబీ నిజంగా ఉపయోగమే. సైజులు సమానంగా లేవని భయపడి ఆగిపోనక్కర్లేదు.

డీడీఆర్5 వాళ్లు మాత్రం ఇక్కడ ఆగి ఆలోచించాలి. నాలుగు స్లాట్‌లున్నాయి కదా అని నాలుగూ నింపితే స్పీడు బాగా పడిపోతుంది. రైజెన్ 7000 వరుసకి ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పే స్పీడు రెండు స్టిక్‌లతో 5200, నాలుగింటితో 3600 మాత్రమే. 2x16 ఉన్నవాళ్లు ఇంకో 2x16 కొనే బదులు, పాతవి అమ్మేసి 2x32 తీసుకోవడం నా దృష్టిలో సరైన పని. 24, 48 జీబీ స్టిక్‌లు కొంటుంటే బోర్డు బయోస్ (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) కొత్తదై ఉండాలి, పాత బయోస్‌లు వాటిని గుర్తించకపోవచ్చు.

5. లేబుల్ చదవడం నేర్చుకోండి

ఒక్కసారి వచ్చిందంటే ఇక ఎవర్నీ అడగక్కర్లేదు. కంపెనీ సిస్టమ్‌లలో ఉండే డీడీఆర్4 స్టిక్ మీద ఇలాంటి వరుస ఉంటుంది (స్టిక్ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో చూస్తారు):

8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-యూఏ2-11

ముక్కలు చేద్దాం. 8జీబీ సైజు. 1ఆర్ అంటే ఒక ర్యాంకు, అంటే ప్రాసెసర్ ఒకేసారి పలకరించే చిప్‌ల గుంపు ఒకటే. ఎక్స్8 అంటే ఒక్కో చిప్ 8 బిట్‌ల వెడల్పు. పీసీ4 అంటే డీడీఆర్4. 2666 స్పీడు. ఆ తర్వాత గీత పక్కన వచ్చే అక్షరమే అన్నిటికన్నా ముఖ్యం. 'యూ' ఉంటే అన్‌బఫర్డ్, మన డెస్క్‌టాప్‌కి పనికొస్తుంది. 'ఆర్' ఉంటే రిజిస్టర్డ్, సర్వర్ ర్యామ్. 'ఎస్' ఉంటే ల్యాప్‌టాప్ సైజు.

కొన్ని లేబుళ్ల మీద స్పీడు బదులు పీసీ4-25600, పీసీ3-12800 లాంటి పెద్ద అంకెలుంటాయి. 8తో భాగించండి చాలు. 25600ని భాగిస్తే 3200, 12800ని భాగిస్తే 1600.

ఇక స్పీడు గురించి. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడింటిలో ఏది తక్కువైతే సిస్టమ్ నడిచేది ఆ స్పీడులోనే. 2666 వరకే ఒప్పుకునే బోర్డులో 3200 ర్యామ్ పెడితే పాడేమీ కాదు, 2666లో నడుస్తుంది.

కంపెనీ సిస్టమ్‌లు ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. గేమింగ్ ర్యామ్ ప్యాకెట్ మీద పెద్దగా రాసే 3200, 3600 చాలావరకు ఎక్స్ఎమ్‌పీ స్పీడు. ఎక్స్ఎమ్‌పీ అంటే తయారీదారు ర్యామ్‌లోనే రాసిపెట్టిన ఎక్కువ స్పీడు ప్రొఫైల్, బయోస్‌లో దాన్ని ఆన్ చేస్తేనే ఆ స్పీడు వస్తుంది. ఆఫీసుల కోసం తయారైన చాలా కంపెనీ సిస్టమ్‌ల బయోస్‌లో ఆ ఆప్షనే ఉండదు. అప్పుడు ఆ ర్యామ్ తన మామూలు స్పీడుకి, అంటే 2133కో 2400కో 2666కో పడిపోతుంది. పక్కనున్న పాత స్టిక్‌ని కూడా తనతోపాటు కిందికి లాగేస్తుంది. గుర్తుపట్టడం సులువే. డీడీఆర్4 ప్యాకెట్ మీద 1.35 వోల్టులు అని ఉంటే అది ఎక్స్ఎమ్‌పీ స్పీడు. 3200 పక్కన 1.2 వోల్టులు ఉంటే అది చాలావరకు మామూలుగా వచ్చే స్పీడే. కంపెనీ సిస్టమ్‌కి ఈ రెండోదే కొనండి.

6. వీటి జోలికి వెళ్లకండి

- రిజిస్టర్డ్ సర్వర్ ర్యామ్. వాడేసిన సర్వర్లలోంచి వచ్చినది చాలా చవగ్గా దొరుకుతుంది. డీడీఆర్4 అయితే స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది కూడా, కానీ మామూలు డెస్క్‌టాప్ ఆన్ కాదు.
- "ఏఎమ్‌డీకి మాత్రమే" అని అమ్మే చవక డీడీఆర్3 స్టిక్‌లు. వీటిలో ఉండేవి ఎక్స్4 చిప్‌లు. ఇంటెల్ బోర్డుల్లో పని చేయవు.
- 6వ, 7వ తరం ఇంటెల్ డీడీఆర్3ఎల్ బోర్డుల్లో 1.5 వోల్టుల పాత డీడీఆర్3. ఆన్ అయినా పెట్టకూడదు, ప్రాసెసర్‌కి అంత వోల్టేజీ మంచిది కాదు.
- పెద్ద గాలి కూలర్ ఉన్నవాళ్లు ఎత్తైన హీట్‌సింక్ ర్యామ్. కూలర్ కింద ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిచి తీసుకోండి.

7. పాతదానికి జత వెతకడం

అదే పార్ట్ నంబరు దొరికితే చాలావరకు ఇబ్బంది ఉండదు. దొరక్కపోతే డీడీఆర్ రకం, స్పీడు, వోల్టేజీ, వీలైతే సీఎల్ అంకె (అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే ఆలస్యం), ర్యాంకు కలిసేలా చూడండి. బ్రాండు వేరైనా మామూలు స్పీడుల దగ్గర ఎక్కువసార్లు కలిసిపోతాయి, రెండిటిలో నెమ్మదిగా ఉన్నదాని స్పీడుకి సర్దుకుంటాయి. ఎక్స్ఎమ్‌పీ స్పీడులో మాత్రం వేర్వేరు స్టిక్‌లు కలుస్తాయన్న భరోసా ఎవరూ ఇవ్వరు. ఒకే మోడల్‌ని రెండుసార్లు కొన్నా లోపలి చిప్‌లు మారిపోయి ఉండవచ్చు. కంపెనీలు జత కలిపి పరీక్షించి కిట్‌గా అమ్మేది ఇందుకే. ఎక్కువ స్పీడు కావాలనుకునేవాళ్లు పాతది తీసేసి కిట్ కొనుక్కోవడమే ప్రశాంతం.

మదర్‌బోర్డు కంపెనీ పరీక్షించిన ర్యామ్‌ల పట్టికలో మీరు చూసిన మోడల్ ఉంటే నిశ్చింత. లేనంత మాత్రాన పని చేయదని కాదు. ఏది కొన్నా, కలవకపోతే వెనక్కి తీసుకుంటారా అని ముందే అడగండి.

8. బిగించడం

ముందు ముఖ్యమైన ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేస్తే విండోస్ పూర్తిగా ఆగుతుంది. పవర్ కేబుల్ పీకేసి, పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి ఉంచండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. స్టిక్‌ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోవాలి, బంగారు రంగు పిన్నుల మీద వేలు పెట్టకూడదు.

నాలుగు స్లాట్‌లుండి స్టిక్‌లు రెండే అయితే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి 2వ, 4వ స్లాట్‌లు వాడాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది. మీ మాన్యువల్ వేరేగా చెప్తే మాన్యువల్ మాటే వినండి. పక్కపక్క స్లాట్‌లలో పెడితే రెండూ ఒకే ఛానెల్‌లో పడి డ్యూయల్ ఛానెల్ పోతుంది. ఇది చాలా మామూలుగా జరిగే పొరపాటు.

క్లిప్‌లు తెరిచి, స్టిక్ గంటు స్లాట్‌లోని అడ్డుగోడకి ఎదురుగా వచ్చేలా చూసుకుని, నిటారుగా దించండి. రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా ఒకేలా నొక్కండి. కొత్తవాళ్లు అనుకునేదానికన్నా కాస్త ఎక్కువ బలమే కావాలి. క్లిక్ మని శబ్దం వచ్చి క్లిప్‌లు వాటంతటవే మూసుకోవాలి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్ ఉంటుంది. అటువైపు మూసుకున్నా రెండో చివర కొంచెం లేచి ఉండిపోవచ్చు. కళ్లు స్లాట్ ఎత్తుకి దించి పక్కనుంచి చూడండి. పిన్నుల బంగారు అంచు ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ కనిపిస్తే సరిగ్గా కూర్చోలేదన్నమాట.

9. సరిగ్గా పని చేస్తోందా?

మొదటిసారి ఆన్ చేసినప్పుడు కంగారుపడి వెంటనే ఆఫ్ చేయకండి. డీడీఆర్5 సిస్టమ్ కొత్త ర్యామ్‌ని అలవాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉండిపోవచ్చు. తనంతట తానే ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ అవడం కూడా మామూలే.

విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో మొత్తం జీబీ, స్పీడు చూడండి. సీపీయూ-జెడ్ మెమరీ ట్యాబ్‌లో ఛానెల్ దగ్గర డ్యూయల్ అని ఉండాలి. డీడీఆర్5కి అక్కడ 4x32-బిట్ లాంటిది కనిపించినా కంగారు వద్దు, ఒక్కో స్టిక్ లోపలే రెండు చిన్న ఛానెళ్లుంటాయి. స్పీడు తక్కువ చూపిస్తే బయోస్‌లో ఎక్స్ఎమ్‌పీ ఆన్ చేయండి. ఏఎమ్‌డీ బోర్డుల్లో దీని పేరు ఎక్స్‌పో, డీఓసీపీ అని ఉండవచ్చు.

అంకెలన్నీ సరిపోయాయని అక్కడితో ఆగకండి. ర్యామ్‌ని పరీక్షించే ఉచిత ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86+ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతో బూట్ చేసి, కనీసం ఒక పాస్ పూర్తయ్యేదాకా వదిలేయండి. రాత్రంతా నడిపితే ఇంకా మంచిది. ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. ఒకటే కదా అని వదిలేస్తే అది తర్వాత బ్లూ స్క్రీన్‌గానో పాడైన ఫైల్‌గానో బయటపడుతుంది. పెన్‌డ్రైవ్ లేకపోతే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. అది మొదలయ్యాక ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకోండి.

10. తేడా వస్తే

*ఆన్ కావట్లేదు, లేదా బీప్ కొడుతోంది.* పవర్ పీకేసి స్టిక్‌లు తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది. కాకపోతే కొత్త స్టిక్ ఒక్కటే పెట్టి చూడండి. అది ఒంటరిగా నడిచి, పాతదానితో కలిపితే నడవకపోతే ఆ రెండిటికీ పొసగట్లేదు. ఎక్స్ఎమ్‌పీ ఆన్ చేశాక ఇలా అయితే మాన్యువల్ చూసి సీమాస్ క్లియర్ చేయండి, అంటే బయోస్ సెట్టింగ్‌లన్నీ మొదటికి తెచ్చేయండి.

*16 పెడితే 8 మాత్రమే కనిపిస్తోంది.* కనిపించని స్టిక్‌ని పనిచేస్తున్న స్లాట్‌లో పెట్టి చూస్తే తప్పు స్టిక్‌దో స్లాట్‌దో తేలిపోతుంది.

*మొత్తం సరిగ్గా ఉంది, యూజబుల్ మాత్రం తక్కువ.* అర జీబీ నుంచి 2 జీబీ దాకా తేడా ఉంటే సాధారణంగా ప్రాసెసర్ గ్రాఫిక్స్ తన వాటా తీసుకుంది, అది తప్పు కాదు. సగానికి సగం పోతే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి మ్యాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్ ఉంటే తీసేయండి.

*అప్పుడప్పుడు బ్లూ స్క్రీన్.* ఎక్స్ఎమ్‌పీ ఆఫ్ చేసి కొన్నాళ్లు వాడండి. ఆగిపోతే స్పీడు ఒక మెట్టు తగ్గించండి, లేదా బయోస్ అప్‌డేట్ చేయండి. అప్‌డేట్‌కి ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూసుకుని, ఉంటే తాత్కాలికంగా సస్పెండ్ చేసి, రికవరీ కీ ఇంకో చోట భద్రపరచుకోండి. ఎక్స్ఎమ్‌పీ ఆఫ్ చేసినా ఆగకపోతే ఒక్కో స్టిక్‌ని విడిగా మెమ్‌టెస్ట్‌లో పెట్టండి. ఎర్రర్ చూపించిన స్టిక్‌ని, ఆ స్క్రీన్ ఫొటోతో సహా, గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.